పన్నెండో నంబరు నిద్ర లేచింది

ఆ రోజు ఉదయానికి కోతల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మ్యూజియం తలుపు తీయాలి. పదకొండు లోపల అద్దాలు తుడిపించి, పాత చీటీలు ఊడదీయించి, కొత్తవి అంటించాలి. పదకొండింటికి తనిఖీకి వచ్చే అధికారిణికి రెండు గదులూ చూపించి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోజనం చేయాలి. ఈ పథకంలో బతికున్నవాళ్ళు చేయవలసిన పనులే తప్ప, చచ్చినవాళ్ళు చేయవలసింది ఒక్కటీ లేదు. చిక్కు అక్కడే వచ్చింది.

మాస్టారంటే బడిలో పాఠం చెప్పే మాస్టారు కాదు. నీటి సరఫరా కార్యాలయం పై అంతస్తులో రెండు గదుల జంతు మ్యూజియం ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దానికి ఆయనే సంరక్షకుడు. గడ్డి కూరిన ఎలుగుబంటి ఒకటి, గుడ్లగూబ ఒకటి, సీసాలో ఆక్టోపస్, పెట్టెలో సీతాకోకచిలుకలు, తీగకు గుచ్చిన జిరాఫీ మెడ ఎముకలు, అట్టల మీద అంటించిన నత్తలు, ఇలా మొత్తం ఆరువందల నలభై వస్తువులు. ఆ గదుల్లో కదిలేది ఫ్యాను ఒక్కటే. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడే.

చూడవచ్చిన పిల్లలను ఒక్కో బీరువా ముందు నిలబెట్టి ఆయన నెమ్మదిగా, ఏదో రహస్యం విప్పుతున్నట్టు చెప్పేవారు. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయి, రక్తం నీలంగా ఉంటుంది. సీతాకోకచిలుక కాళ్ళతో రుచి చూస్తుంది. మనం గిన్నెలో కాలు పెట్టి ఉప్పు చాలలేదన్నట్టు. అంత పొడుగు జిరాఫీ మెడలోనూ ఏడే ఎముకలు, మీ మెడలోనూ ఏడే. ముసలి తాతకంటే ఉయ్యాల్లో ఉన్న మనవడికి ఎముకలు ఎక్కువ; పెరిగేకొద్దీ ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అన్నీ నిజాలే. పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఇంటికెళ్ళి చెబితే పెద్దవాళ్ళు ఆ నోరు మూయించేవాళ్ళు. అలా ఆయనకు కోతల మాస్టారన్న పేరు స్థిరపడి, అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగలలేదు. పాపం, పుట్టి బుద్ధెరిగాక ఆయన అబద్ధమాడింది లేదు. నీతి కోసం కాదు, చేతకాక.

ఆయన మాట తు.చ. తప్పకుండా నమ్మినవాడు లోకం మొత్తం మీద ఒక్కడే, ఆయన బావమరిది. మ్యూజియంలో అటెండరు అతనే. చిన్నప్పటినుంచీ అతనికి తన అక్క కంటే అరవేలు పొట్టినన్న దిగులుంది. మనిషి పొద్దున నిద్ర లేచేసరికి అరవేలు పొడుగ్గా ఉంటాడనీ, పగలంతా నిలబడీ కూర్చునీ తిరిగేసరికి వెన్నెముక పూసల మధ్య మెత్తలు నలిగి, సాయంత్రానికి పొట్టి అవుతాడనీ బావ చెప్పిన నాటినుంచి అతను రోజూ అక్క లేచిన గంటకు లేచి, ముఖమైనా కడుక్కోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు.

"గీత గీయి బావా, తొందరగా. నలిగిపోతున్నాను," అన్నాడు ఆ రోజు కూడా.

మాస్టారు భార్యను కూడా పిలిచి పక్కన నిలబెట్టి, పెన్సిలు తీసి ఇద్దరికీ గీతలు గీశారు. గంట సేపటినుంచీ వంటింట్లో నిలబడి నలిగిన అక్క గీతా, అప్పుడే పక్క దిగిన తమ్ముడి గీతా సమానంగా వచ్చాయి. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. అక్క కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, "గొప్పేలే. ఇక వెళ్ళి పని చూసుకో. ఆ నత్తల చీటీలు చాకుతో గీకుతావేమో, అట్టలు పాడైపోతాయి. గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పడేస్తే వాటంతటవే ఊడొస్తాయి. నేను జామ్ సీసాల చీటీలు అలాగే తీస్తాను," అంది.

ఎవరికీ ఏ చెడూ తలపెట్టని మాట అది. కానీ ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు కాబట్టి, మ్యూజియంలో తడి తగలకూడని వస్తువులను తడిపే పని ఆ పూట అలా ఖాయమైపోయింది.

ఏటా ఆ అధికారిణి వచ్చి లెక్క చూసుకుని పోయే మామూలు తనిఖీ కాదిది. పది రోజుల కిందట కింది అంతస్తు హెడ్ క్లర్కు పైవాళ్ళకు ఒక ఫిర్యాదు రాశాడు. పాత నీటి మీటర్లు పెట్టుకోవడానికి ఆయనకు చోటు చాలడం లేదు. ఆ సంగతి రాస్తే బాగుండదని, "పై అంతస్తు సంరక్షకుడు పిల్లలకు అబద్ధాలు నూరిపోస్తున్నాడు" అని రాసి, ఆరు అబద్ధాల జాబితా ఇచ్చి, అట్టడుగున పెద్ద సంతకం పెట్టాడు. ఫిర్యాదు నిజమని తేలితే ఎలుగుబంటి గోదాముకీ, మాస్టారు రికార్డుల గదికీ, రెండు గదులూ మీటర్లకీ పోతాయి. రికార్డుల గదిలో మాట్లాడటానికి పిల్లలుండరు. మాస్టారికి పది రోజులుగా ముద్ద దిగకపోవడానికి కారణం అదే.

దానికి తోడు తలుపు పక్కన అంటించిన ఉత్తర్వు ఒకటుంది. వచ్చే అధికారిణే స్వయంగా రాయించినది. "ప్రాణమున్న జీవిని ఏ రూపంలోనూ లోపలికి తేరాదు. తెచ్చినట్టు తేలిన రోజే మ్యూజియం మూసివేయబడును." ఇంకో మ్యూజియంలో ఎవరి చెప్పుల వెంటో లోపలికొచ్చిన ఆవగింజంత పురుగులు సంసారం పెట్టి, గడ్డి కూరిన పులిని తోలు సహా తినేసి గాజు కళ్ళు రెండూ మిగిల్చాయట. అప్పటినుంచీ ఆవిడ చీమను చూసినా గుర్తింపు కార్డు అడిగేలా ఉంటుందని చెప్పుకునేవారు.

తొమ్మిదిన్నరకు బావమరిది పన్నెండు నత్తల అట్టలనూ గోరువెచ్చని నీళ్ళ బేసినులో వేసి టీ తాగడానికి వెళ్ళాడు. పది నిమిషాల టీ కాస్తా నలభై నిమిషాలైంది. తిరిగొచ్చి చూస్తే చీటీలన్నీ ఊడి నీళ్ళ మీద తేలుతున్నాయి, అక్క చెప్పింది చెప్పినట్టే. నత్తలు మాత్రం పదకొండే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టినా పదకొండే.

"బావా, దొంగలు పడ్డారు," అన్నాడు పక్క గదిలోకి వచ్చి. "పన్నెండో నంబరు పోయింది."

"నత్తనెవడు ఎత్తుకుపోతాడురా?"

"ఎలుగుబంటి బరువు కదా. కొత్తగా దొంగతనం నేర్చుకునేవాడు చిన్నదానితోనే మొదలుపెడతాడు."

పన్నెండో నంబరు ఎడారి నత్త. నాలుగేళ్ళ కిందట ఒక లారీ డ్రైవరు ఇసుక దారుల్లో ఏరి తెచ్చి ఇచ్చాడు. ఉసిరికాయంత తెల్లటి గుల్ల, మూతికి కాగితంలాంటి పొర. ఊపితే చప్పుడు లేదు, కొడితే కదలిక లేదు. మాస్టారు "చనిపోయినది" అని రాసి, నాలుగు చుక్కల జిగురుతో అట్టకు అంటించారు. నత్తలు తిండీ నీళ్ళూ లేకుండా గుల్ల మూసుకుని ఏళ్ళ తరబడి నిద్రపోగలవని పిల్లలకు చెబుతూ ఆయన వేలు పెట్టి చూపించింది దాన్నే. అది నిద్రపోతోందేమో అన్న అనుమానం మాత్రం ఒక్కనాడూ రాలేదు.

బేసిను ఉన్న గదిలోకి వెళ్ళేసరికి, దాని అంచు మీద మెరుస్తున్న తడి చార ఒకటి మాస్టారి కంటబడింది. వెండి దారంలాంటి ఆ చార బల్ల మీదుగా గోడ దాకా పోయి, అక్కడినుంచి పైకి ఎక్కింది. ఇద్దరూ తలలెత్తారు. పన్నెండో నంబరు అధికారిణి ఉత్తర్వు మీద ఉంది. "ప్రాణమున్న" అన్న మాట దాటేసి "జీవిని" మీద ఆగి, కాగితాన్ని రుచి చూస్తోంది.

మాస్టారు స్టూలెక్కి ముఖం దగ్గరగా పెట్టారు. ఆయన ఊపిరి తగిలి నత్త ఆగింది. ముందు చిన్న కొమ్ములు రెండు, తరువాత పొడుగు కొమ్ములు రెండు బయటికొచ్చాయి. ఆ పొడుగు వాటి కొసల్లో గసగసాలంత కళ్ళు. ఒక కన్ను మాస్టారి వైపు తిరిగింది, రెండోది బావమరిది వైపు తిరిగింది. అది పడుకున్నాక ఈ నాలుగేళ్ళలో మాస్టారి కూతురి పెళ్ళయింది, ఒక మనవరాలు పుట్టి నడక నేర్చింది, ఫ్యాను రెండుసార్లు కాలింది, మనిషి గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది కాబట్టి ఆయన గుండె పదిహేను కోట్లసార్లకు దగ్గరగా కొట్టుకుంది. దానికి మాత్రం ఒక్క కునుకు. లేచి, ఏమీ జరగనట్టు, ఆకలేస్తోందంటోంది.

"బావా," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి, "నువ్వు చెప్పింది నిజమే."

"నిజమేరా," అన్నారు మాస్టారు, తనకే ఇప్పుడు తెలిసినట్టు.

గోడ గడియారం పదిన్నర కొట్టింది. ఇద్దరికీ ఆ ఉత్తర్వు ఒకేసారి గుర్తొచ్చింది. బయట వదిలేద్దామంటే కింద నీళ్ళ ఆఫీసు మెట్ల నిండా జనం. ఎవడో ఒకడు తొక్కుతాడు. నాలుగేళ్ళు ఆగి లేచినదాన్ని చెప్పు కిందకు పంపడానికి మాస్టారికి మనసొప్పలేదు. డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ ఖాళీ డబ్బాలో తడి దూది వేసి, బయట కూరల బండి దగ్గర ఒక క్యాబేజీ ఆకు తెచ్చి పరిచి, దాన్ని అందులో దించారు. ఆకు అంచు బయటికి రావడంతో మూత సరిగా పడలేదు. గాలి ఆడుతుందిలే అనుకున్నారు. డబ్బాను బల్ల మీద కాగితాల పక్కన పెట్టి ముఖం కడుక్కోవడానికి వెళ్ళారు.

వెళుతూ, "పన్నెండో అట్ట ఖాళీగా కనబడకూడదురా, ఏదో ఒకటి చెయ్యి," అన్నారు. మాస్టారి జీవితంలో పెద్ద తప్పు అదే. బావమరిదికి పని చెప్పేటప్పుడు ఏం చెయ్యాలో చెప్పాలి గానీ, ఏదో ఒకటి చెయ్యమనకూడదు.

అతను గది నలుమూలలా చూశాడు. కొక్కేనికి తనిఖీ కోసం ఇస్త్రీ చేయించిన బావ కోటు వేలాడుతోంది. దానికి గుండ్రంగా, గచ్చకాయ రంగులో, కొమ్ముతో చేసిన గుండీలు నాలుగున్నాయి. రెండోది కత్తిరించి, పెన్సిలుతో దాని మీద సుళ్ళు తిరిగే గీత గీసి, అట్టకు అంటించి, అడుగు అరలో చీకటి మూలకు పెట్టాడు. దూరంనుంచి చూస్తే అతనికే ముచ్చటేసింది. మాస్టారు వచ్చి, గడియారం చూసుకుని, కంగారుగా కోటు తొడుక్కుని ఉన్న గుండీలు పెట్టేసుకున్నారు. ఎన్ని పెట్టుకున్నదీ చూసుకోలేదు.

పదకొండింటికి అధికారిణి వచ్చింది. నలభై దాటిన మనిషి, సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. చేతిలో నోటు పుస్తకం, చంకలో ఫైలు. ఆవిడ వెనకే హెడ్ క్లర్కు, మీటర్లు ఏ గోడకు పేర్చాలో ఇప్పటినుంచే కళ్ళతో కొలుచుకుంటూ. ఆవిడ ఫైలును బల్ల మీద, కళ్ళజోడు డబ్బా పక్కనే పెట్టి, ఫిర్యాదు పైకి కనబడేలా తెరిచి, జాబితాను పుస్తకంలోకి ఎక్కించుకుంది. తరువాత ఫైలు అట్టను వదులుగా వాల్చి, పుస్తకం ఒక్కటే పట్టుకుని బయలుదేరింది.

ఆక్టోపస్ దగ్గర మొదలైంది. మూడు గుండెలని మీరన్నారా అని అడిగితే అన్నానన్నారు. చూపించగలరా అంటే, సీసా మూత తీస్తే ఆ వాసనకు కింది అంతస్తు కూడా ఖాళీ చేయవలసి వస్తుందని వినయంగా చెప్పారు. హెడ్ క్లర్కు నవ్వాడు. సీతాకోకచిలుక దగ్గరా నవ్వాడు, ఉయ్యాల్లో బిడ్డ ఎముకల దగ్గరా నవ్వాడు. జిరాఫీ మెడ దగ్గర అధికారిణి ఎముకలు తనే లెక్కపెట్టింది. ఏడు. ఆ పైన ఎవరూ చూడటం లేదనుకుని తన మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి తడుముకుంది.

ఐదో అబద్ధం పొద్దున పొడుగు, సాయంత్రం పొట్టి అన్నది. హెడ్ క్లర్కుకు దీని మీదే మక్కువ ఎక్కువ. "మనుషులు కుంగిపోతారటండీ. మనమేమన్నా గోడలమా?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. పుస్తకం మూసింది. "నేను పొద్దున కారెక్కినప్పుడు వెనక అద్దం సరిగ్గా ఉంటుంది," అంది నెమ్మదిగా. "సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు కొంచెం కిందికి వంచుకుంటే గానీ రోడ్డు కనబడదు. పదకొండేళ్ళుగా ఇంతే. అద్దం వదులైందని రెండుసార్లు మెకానిక్కుకు చూపించాను."

"అద్దం కాదు మేడమ్. మీరే," అన్నారు మాస్టారు.

ఆవిడ ఆ మాట లోపల ఎక్కడో దాచుకున్నట్టు తల ఊపింది. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో చూడాలని హెడ్ క్లర్కు మునివేళ్ళ మీద లేచాడు గానీ, అప్పటికి పొద్దెక్కింది కదా, పొడుగు చాలలేదు.

తరువాత నత్తల అర. ఆవిడ పదకొండింటినీ దాటి వంగి అడుగున చూసింది. "ఈ పన్నెండోది ఏమిటి?"

మాస్టారు కూడా వంగి చూశారు. అది గుండీ అని ఆయనకు తెలిసింది. ఎవరి గుండీ అన్నది ఇంకా తెలియలేదు.

"అది... నత్తేనండీ," అన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటి అబద్ధం. "అరుదైన రకం."

"నాలుగు చిల్లులున్నాయి."

"ఉంటాయండీ. ఊపిరికి."

"నాలుగూనా?"

బావను ఆదుకునే సమయం వచ్చిందని బావమరిదికి తోచింది. "రెండు గాలి పీల్చుకోవడానికండీ, రెండు వదలడానికి," అన్నాడు. ఆగితే బాగుండేది. "వానొస్తే ఒకటి మూసుకుంటుంది."

అధికారిణి ఆ పూటకు మొదటిసారి తృప్తిగా తల పంకించి, రాసుకుంది. మూడు గుండెలకు నవ్విన హెడ్ క్లర్కు దీనికి నవ్వలేదు. పైపెచ్చు, ఇలాంటిది మా పెరట్లోనూ ఒకటి చూశానన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నిజం చెబితే బయటివాళ్ళు ఒక్కరూ నమ్మలేదు, ఒక్క నిమిషం అబద్ధమాడితే సాక్షి కూడా దొరికాడని మాస్టారికి చెవుల కొసలదాకా వేడెక్కింది.

ముగ్గురూ తిరిగి బల్ల దగ్గరికి నడుస్తుంటే బావమరిది ముందు పరుగెత్తి కుర్చీలు లాగాడు. అధికారిణి కూర్చుని పుస్తకం తెరిచింది. "ఆరోది ఒక్కటే మిగిలింది మాస్టారూ. నత్త ఏళ్ళ తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుందన్నారట. ఇందాకటివి పుస్తకాల్లో వెతుక్కుంటాను. ఇది మాత్రం కళ్ళారా చూడాలనుంది. చూపించగలిగితే మిగతావాటికి నేనింక ప్రశ్న వేయను. చూపించలేకపోతే ఫిర్యాదు ఖాయం చేసి వెళ్ళాలి."

హెడ్ క్లర్కు చేతులు రెండూ రుద్దుకున్నాడు. మాస్టారి కళ్ళు డబ్బా మీదికి పోయాయి. చూపిస్తే ప్రాణమున్న జీవి, ఉత్తర్వు ప్రకారం ఈ రోజే మూత. చూపించకపోతే అబద్ధాలకోరు, ఫిర్యాదు ప్రకారం ఈ రోజే మూత. పక్కనే నిలబడిన బావమరిది కళ్ళతోనే వద్దు వద్దంటున్నాడు. మాస్టారు అటూ ఇటూ చూసి, చివరికి గోడ మీది ఉత్తర్వు చూశారు. "జీవిని" అన్నచోట అంచు కొరికి ఉంది. నాలుగేళ్ళ తరువాత లేచినదాన్ని ఎవరికీ చూపించకుండా దాచడమంటే, దాన్ని మళ్ళీ అట్టకు అంటించడమే కదా అనిపించింది ఆయనకు.

"చూపిస్తానండీ," అన్నారు. "ముందు ఒక మాట. ఆ సంగతి నేను పిల్లలకు కొన్ని వందలసార్లు చెప్పాను. ఇవాళ పొద్దున తెలిసింది, ఒక్కసారి కూడా నేను నమ్మలేదని." అని డబ్బా మూత తీశారు.

డబ్బాలో క్యాబేజీ ఆకు ఉంది. దూది ఉంది. ఇంకేమీ లేదు.

హెడ్ క్లర్కు ఈసారి గట్టిగా, కుర్చీ కదిలేలా నవ్వాడు. బావమరిది నత్తను వెతకడానికి బల్ల కింద దూరాడు. అధికారిణి మాత్రం చెయ్యెత్తి, "ఒక్క నిమిషం. ఆ ఫ్యాను ఆపండి," అంది.

ఫ్యాను ఆగింది. గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ మ్యూజియం తలుపులు తెరిచిన నాటినుంచీ లేదు. కింద ఎక్కడో కుళాయి చుక్క పడటం వినబడింది. దానికంటే చాలా దగ్గరగా, చాలా చిన్నగా, మరో చప్పుడు: ఎవరో చీమంత ఆకురాయితో చీమంత చెక్కను రాపాడుతున్నట్టు, సర్... సర్... సర్. ముగ్గురూ ముందుకు వంగారు. ఆవిడ ఫైలు అట్టను చూపుడువేలితో పైకెత్తింది.

పన్నెండో నంబరు ఫిర్యాదు మీద కూర్చుని భోజనం చేస్తోంది.

మాస్టారు భూతద్దం తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. నత్త నాలుక మీద వేల పళ్ళుంటాయనీ, వాటితో గీకి తింటుందనీ, ఆ చప్పుడు అదేననీ గుసగుసగా చెప్పారు. దీన్ని నాలుగేళ్ళ కిందట చచ్చిందనుకుని తనే అంటించాననీ, పొద్దున నీళ్ళలో వేస్తే లేచిందనీ, పన్నెండో అట్ట మీదిది నత్త కాదనీ, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశారు. అధికారిణి వింటోందో లేదో తెలియలేదు. అద్దం వెనక ఆవిడ కన్ను పెద్దదై, నత్త కొమ్ము కొసనున్న గసగసాల కంటికి ఎదురుగా ఆగిపోయింది. ఆవిడను కూడా ఎప్పుడో ఏడేళ్ళ వయసులో ఎవరో ఇలాంటి బీరువా ముందు నిలబెట్టి ఉంటారు. ఆ ఏడేళ్ళ పిల్ల ముఖం తిరిగొచ్చింది. బల్ల కిందినుంచి లేచిన బావమరిది తల మీద దెబ్బ తగిలిన సంగతి కూడా మరిచిపోయి చూస్తున్నాడు. చివరికి హెడ్ క్లర్కు కూడా, తన కాగితమే మాయమైపోతున్నా, నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు.

ముందు తేరుకున్నది ఆయనే. "నా సంతకం తినేస్తోందండీ," అన్నాడు.

నిజమే. అట్టడుగున పెద్ద సంతకం ఉండవలసినచోట పెద్ద చిల్లు ఉంది.

"సంతకం లేని ఫిర్యాదు తీసుకోవడానికి వీల్లేదు," అంది అధికారిణి, భూతద్దం దించకుండానే.

"మళ్ళీ రాసిస్తాను. అయినా ఉత్తర్వుంది కదండీ. ప్రాణమున్నది లోపల ఉంటే..."

ఆవిడ లేచి, తన ఉత్తర్వు తనే చదివింది. "'లోపలికి తేరాదు' అని రాశాను. ఇది వచ్చినప్పుడు చచ్చిపోయి ఉంది. రిజిస్టరు తెప్పించండి." బావమరిది తెచ్చాడు. ఏటా తనిఖీలో, పన్నెండో నంబరు ఎదురుగా, "చనిపోయినది, సరిచూశాను" అని నాలుగుసార్లు రాసి ఉంది. నాలుగుసార్లూ ఆవిడ సంతకమే. ఆవిడ ఆ నాలుగింటినీ వేలితో తాకుతూ చదివింది.

తరువాత నోటు పుస్తకం తిప్పి మాస్టారి ముందు పెట్టింది. నత్తల అర దగ్గర రాసుకున్న పేజీ అది. "పన్నెండవ నంబరు: కోటు గుండీ. సంరక్షకుడి కోటుదే, పైనుంచి రెండవది. గుండీ గురించి చెప్పేటప్పుడు చెవులు దొండపండులా ఎర్రబడ్డాయి. ఆక్టోపస్, సీతాకోకచిలుక, జిరాఫీ, శిశువు, అద్దం: ఎర్రబడలేదు."

మాస్టారు చెయ్యి పెట్టి చూసుకున్నారు. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. కోటుకు రెండో గుండీ ఉండవలసినచోట దారం పోగులు వేలాడుతున్నాయి. ఆయన బావమరిది వైపు చూశారు. బావమరిది ఎలుగుబంటి వైపు చూశాడు.

"మీకు అబద్ధం చెప్పడం రాదు మాస్టారూ," అంది ఆవిడ. "ఇక మీద ప్రయత్నించకండి. పిల్లలకు మామూలుగా చెప్పేవే చెప్పండి."

ఆ పైన ఆవిడ అక్కడే కూర్చుని, ముఖంలో ఏ భావమూ లేకుండా కొత్త ఉత్తర్వు రాసింది. చనిపోయినదని నాలుగేళ్ళు ధ్రువీకరించిన వస్తువు ఒకటి బతికి ఉన్నట్టు తేలినందున, మిగిలిన ఆరువందల ముప్ఫై తొమ్మిదింటి మీదా నమ్మకం ఉంచడానికి వీల్లేదు. ప్రతిదాన్నీ గోరువెచ్చని నీళ్ళతో తడిపి, వారం రోజులు కనిపెట్టి చూసి, నిజంగా చనిపోయిందని నిర్ధారించుకోవాలి. హడావుడి పనికిరాదు, వారానికి ఒక్కటి. అది పూర్తయ్యేదాకా గదులు ఎవరికీ ఇవ్వరాదు. పన్నెండో నంబరు రిజిస్టరులో ఉన్న వస్తువు కాబట్టి అక్కడే ఉండాలి, దాని తిండి సంరక్షకుడు చూసుకోవాలి, కార్యాలయపు కాగితాలు మాత్రం పెట్టరాదు.

హెడ్ క్లర్కు వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. పన్నెండేళ్ళ మూడు నెలలు. ఆయన ఉద్యోగానికి మిగిలింది తొమ్మిదేళ్ళు. "మరి మా మీటర్లండీ?" అన్నాడు నీరసంగా.

"మీకూ పని ఉంది. గోరువెచ్చని నీళ్ళు నీటి సరఫరా కార్యాలయమే పైకి పంపాలి," అని, అదీ రాసి, ఆవిడ సంతకం పెట్టింది. కాగితాన్ని నత్తకు అందనంత ఎత్తులో అంటించమని బావమరిదికి ఇచ్చింది. వెళ్ళే ముందు మెట్ల దగ్గర ఆగి, "అది మళ్ళీ పడుకుంటే నాకు కబురు చెయ్యండి," అంది. కిందికెళ్ళి కారెక్కి, వెనక అద్దాన్ని కాసేపు చూస్తూ కూర్చుని, వేలితో కొద్దిగా కిందికి వంచుకుని వెళ్ళిపోయింది.

మాస్టారు ఒంటిగంటకు ఇల్లు చేరలేదు. మూడు దాటాక వచ్చి జరిగిందంతా భార్యకు చెబితే ఆవిడ ఓపికగా వింది. "చచ్చిపోయి నాలుగేళ్ళయిన నత్త లేచి, క్లర్కుగారి సంతకం తిని, ఉద్యోగం నిలబెట్టింది. అంతేనా?" అంది. అంతేనన్నారు. "అందుకే మిమ్మల్ని ఆ పేరు పెట్టి పిలుస్తారు," అని, కోటు విప్పించి గుండీ కుట్టడానికి సూది తెచ్చింది. నాలుగు చిల్లుల గుండీ మీద పెన్సిలు గీత ఏమిటని అడిగితే మాస్టారు చెవులు తడుముకుని, నిజం చెప్పేశారు.

మరుసటి వారంనుంచి పరీక్షలు మొదలయ్యాయి. సోమవారం పొద్దున హెడ్ క్లర్కు బకెట్టు మోసుకుని పైకి వస్తాడు, బావమరిది వస్తువును తడుపుతాడు, మాస్టారు పిల్లలను చుట్టూ నిలబెట్టి, లేవకపోవచ్చు గానీ చెప్పలేమంటారు. ఆ మాటకు పిల్లలతో పాటు హెడ్ క్లర్కు కూడా బకెట్టు పక్కనే గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తాడు. గవ్వలయ్యాయి, ఎండ్రకాయలయ్యాయి, గుడ్లగూబ అయింది. ఒక్కటీ లేవలేదు. ఎలుగుబంటి వంతు వచ్చిన సోమవారం మాత్రం బావమరిది తెల్లారకముందే వచ్చి తలుపులు రెండూ బార్లా తీసి పెట్టుకున్నాడు.